మూతికి అడ్డంగా మైకు

వనజాక్షి మొగుడికి తాగుడు లేదు, పేకాట లేదు. ఏదో ఒకటి ఉండుంటే బాగుండేదని ఆ సాయంత్రం ఆమె తేల్చుకుంది. తాగుబోతు మొగుడైతే చెప్పుకుని ఏడవడానికి తాముండే మిల్లు బస్తీ క్యాంప్ వన్‌లో ప్రతి సందులోనూ నలుగురు తోడు దొరుకుతారు. టీవీలో ఆటల వార్తలు చెప్పే పిల్లకి మనసిచ్చిన మొగుడి గురించి ఎవరికి చెప్పుకోవాలి?

బసవరాజు మిల్లులో మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, టీవీకి మూరెడు దూరంలో పీట వేసుకుని కూర్చున్నాడు. ఎర్రగా రంగు పూసుకున్న పెదాలతో ఆ పిల్ల హిందీలో క్రికెట్ సంగతులు చెబుతోంది. అతను ఆ పెదాల మీంచి చూపు తిప్పడం లేదు. మధ్యలో మైదానం నుంచి మీసాల విలేకరి ఒకడు మూతికి అడ్డంగా మైకు పెట్టుకుని వచ్చాడు. బసవరాజు ముఖం మాడిపోయింది. వీడొకడు తయారు అని విసుక్కున్నాడు. పిల్ల మళ్లీ తెర మీదికి రాగానే ముఖం విచ్చుకుంది.

టీవీ గొంతు వనజాక్షే తగ్గించి వారమైంది. ఎందుకు తగ్గించావని గొడవ పడతాడేమోనని ఆమె ఆశ. ఆ గొడవైనా పడలేదు. చూడ్డానికి కూర్చున్నవాడికి వినికిడితో పనేముంది అనుకుంది.

ఆ ఇంట్లో మాట పలుచబడి ఏడాది దాటింది. ఆమె ఏదో అడుగుతుంది, అది గోడకి తగిలి తిరిగొచ్చి ఆమె దగ్గరే కూర్చుంటుంది. ఈమధ్య చేటలో బియ్యంతో మాట్లాడుకుంటోంది. అక్కడ రాళ్లయినా తగులుతాయి.

టీ గ్లాసు అతని పక్కన పెట్టి, వెనక నిలబడి, మాటలు కూడగట్టుకుంది.

"రాత్రి బండికి విజయనగరం వెళ్లిపోతన్నాను. మా అన్నయ్య దగ్గరే ఉండిపోతాను. మరి రాను."

బసవరాజు గ్లాసు అందుకుని ఒక గుక్క తాగాడు. తెర మీంచి కళ్లు తిప్పకుండానే, "బాగుంది," అన్నాడు.

వనజాక్షి సంచి తీసి నాలుగు చీరలు సర్దింది. తలనూనె సీసా పెట్టబోతూ బిరడా గట్టిగా నొక్కింది. నారింజ రంగు రబ్బరు బిరడా. సీసాలకి పనికొస్తాయని అలాంటివి ఓ డజను మిల్లు నుంచి తెచ్చిచ్చాడు. పెళ్లయ్యాక అడక్కుండా తెచ్చిన కానుక అదొక్కటే. దాన్నీ అతని మొహాన పడేసి పోదామనుకుంది గానీ, నూనె ఒలికితే పాడయ్యేవి తన చీరలే కదా అని ఊరుకుంది.

వెళ్లేముందు జల్లెడ తిరిగిచ్చేద్దామని పక్కింటికి వెళ్లింది. ఆ ఇంటి కొత్తకోడలు చాందినికి తెలుగు కన్నా హిందీ ధాటిగా వస్తుంది, చెవులైతే ఏ భాషకైనా సిద్ధం. గోడకి ఇవతల జరిగిందంతా అవతల వినే ఉంది.

"వెళ్తే వెళ్లండి ఆంటీ. కానీ ఆ టీవీ దీదీలాగా లిప్‌స్టిక్ వేసుకుని, ఒకసారి ముందు నిలబడి మరీ వెళ్లండి నా. అంకుల్ జిందగీ అంతా ఏడవాలి."

వనజాక్షి వద్దు వద్దంటూనే మూతి ముందుకు పెట్టింది.

తిరిగొచ్చి, సంచి భుజాన వేసుకుని, టీవీకి అడ్డంగా నిలబడింది. తీరా నిలబడ్డాక మాటలో సగం గాలే వచ్చింది.

"వెళ్తన్నాను. ఆ పిల్లని చూసుకుంటూ ఉండండి."

బసవరాజు పీట మీంచి లేచిపోయాడు. "ఎక్కడికి?"

"ఇందాక చెప్తే బాగుందన్నారు కదా."

"టీ ఎలాగుందని అడిగావనుకున్నాను. ఏటైంది నీకు?"

ఏటైందో వనజాక్షి చెప్పింది. అన్నయ్య కూతురి పెళ్లికి వెళ్దామంటే పలకకపోవడం, వంటింటి కప్పు కారడం, వారంపాటు పన్ను సలిపినా ఎలా ఉందని అడగకపోవడం, ఏడాది మాటలన్నీ ఒక్క ఊపున బయటికొచ్చాయి. చిత్రం, అతను అన్నిటికీ జవాబు చెప్పాడు. ఏ పన్ను అని కూడా అడిగాడు. చూపు మాత్రం ఆమె పెదాల మీదే ఉంది. అది గమనించేసరికి ఆమెకి ఒళ్లు మండింది. కొంగుతో మూతి తుడుచుకోబోయింది. అతను చెయ్యి పట్టుకుని ఆపాడు.

"తుడవకు. ఉండనీ."

"అంటే మూతికి రంగు పూసుకుంటే గానీ పెళ్లాం మాట వినబడదా మీకు?"

"వినబడదు," అన్నాడు బసవరాజు. "కనబడతాది."

ఆమెకి అర్థం కాలేదు. అతను ఆమె సంచిలోంచి నూనె సీసా తీశాడు. నారింజ రంగు బిరడా లాగి, అరచేతిలో పెట్టి ఆమెకి చూపించాడు.

"ఇవి మిల్లు మోతకి చెవులు పోకుండా పెట్టుకోమని ఇచ్చినవే. సీసాలకి బాగుంటాయని నీకు తెచ్చేశాను. నాదే తప్పు."