బోర్డు మీద సున్నా

తెల్లారినా ఆకాశం తెల్లబడలేదు. మంచూ పొగా కలిసి జుగ్సలాయి బస్తీ మీద తడిగుడ్డలా వేలాడుతున్నాయి. ఆదిబాబు తను పనిచేసే బోల్టుల కార్ఖానా గేటు దాటి, అలవాటుగా బోర్డు వైపు చూసి ఆగిపోయాడు.

'ప్రమాదం లేని రోజులు' అన్న అక్షరాల కింద నిన్న నూటతొంభైతొమ్మిది ఉంది. ఇవాళ రెండొందలు పడాలి. పడితే మధ్యాహ్నం అందరికీ వేటమాంసంతో భోజనం పెడతానని సేఠ్ మాటిచ్చాడు. ఆ ధైర్యంతోనే ఆదిబాబు అన్నం డబ్బా తెచ్చుకోలేదు.

బోర్డు మీద సున్నా ఉంది.

రోజూ అంకె రాసే తవిటయ్య దుప్పటి నిండా కప్పుకుని దాని ముందు నిలబడ్డాడు. ఎదురుగా ఫోర్మన్ సన్యాసిరావు.

"ఏటి మావా, ఇంత వంకర సున్నా? కోడి పెట్టిందేటి?" అన్నాడు ఆదిబాబు. తవిటయ్య అంకె ఎప్పుడూ అచ్చుగుద్దినట్టుండేది.

"సలి," అన్నాడు తవిటయ్య.

"తుడిచీ," అన్నాడు సన్యాసిరావు. "పదింటికి తనిఖీ బాబు వత్తాడు. నిన్న ఏటీ జరగలేదు."

"జరిగింది."

"దెబ్బ తగిలినోడు డ్యూటీకొచ్చీసేడు. హాజిరీ పడింది. పనిలోకొచ్చినోడి దెబ్బ లెక్కలోకి రాదు."

"రగతం రాదేటి లెక్కలోకి?"

"ఎవుడికి మావా దెబ్బ?" అడిగాడు ఆదిబాబు.

"పేరు సెప్తే ఆడిదే తప్పంటారు. మూత లేని పళ్లచక్రాన్ని ఎవుడూ ఏటీ అనడు."

నూనె పొయ్యడానికి అడ్డమని ఆ మూత తీయించింది సన్యాసిరావే. ఈ పూట ఆ మిషను మీద డ్యూటీ ఆదిబాబుది. అయినా అతని ముక్కుకి మాంసం వాసనే తగులుతోంది.

"ఇయ్యాల్టికి రెండొందలు రాసీ మావా. సున్నా రేపు రాద్దువుగాని."

"రేపటికి నీ సెయ్యుండాల కదా."

సన్యాసిరావు తనే తుడవబోయాడు. తవిటయ్య బోర్డుకి వీపు ఆనించాడు.

"నీ నౌకరీ పోద్ది."

"పోనీ. సున్నా పోదు."

పదింటికి తనిఖీ బాబు వచ్చాడు. సున్నా చూశాడు, చక్రం చూశాడు, మూత బిగించేదాకా మిషను తిప్పొద్దని కాగితం అంటించి వెళ్లాడు. సేఠ్ పొయ్యి మీది మాంసం దింపించేశాడు.

మధ్యాహ్నం తవిటయ్యతో ఎవరూ మాట్లాడలేదు. ఆదిబాబు గోడవారన ఒట్టి చేతులతో కూర్చున్నాడు. తవిటయ్య పక్కకొచ్చి చతికిలబడి, డబ్బా కాలితో అతని వైపు జరిపాడు.

"మూత తీసి దాన్లో సగం ఏసుకో."

చద్దన్నం, ఎండుచేప. ఆదిబాబు అలక ఆకలి ముందు నిలవలేదు. ఇద్దరూ తింటున్నారు. నాలుగు ముద్దలయ్యాక ఆదిబాబు తలెత్తాడు.

తవిటయ్య తింటున్నది ఎడమచేత్తో.