మొదటి ముద్ద

విస్తరి పరిచి వడ్డించి ఇంకా చెయ్యి కడుక్కోలేదు, పక్షులు దిగాయి.

నూకరత్నం గెడకర్ర అందుకుంది. ఒక్క విసురుకు నాలుగు లేచాయి. లేచినవి లేచినట్టే గాలిలో గిరికీ కొట్టి, మళ్ళీ గట్టు మీదికే వచ్చి, ఆమెకు అందనంత దూరంలో వరుసగా నిలబడ్డాయి. ఎర్ర ముక్కులు. ఎర్ర కాళ్ళు. రెప్ప వెయ్యని కళ్ళు.

“మీ జిమ్మడిపోను,” అంది నూకరత్నం. అరవలేదు. పళ్ళు బిగించి అంది. అరిచే ఓపిక ఎప్పుడో అయిపోయింది. కోపం మాత్రం అవలేదు.

కొల్లేటిలో చేపల చెరువుల గట్లు పేల్చేసిన మరుసటి ఏడాది అది. చెరువులు పోయాయి, పక్షులు మిగిలాయి. చలికాలం రాగానే సముద్రం వైపు నుంచి దిగే ఈ తెల్ల పిట్టలు ఆ ఏడు ఊరినే ఆక్రమించాయి. ఎండబెట్టిన చేపల్ని ఎత్తుకుపోయాయి. బడికి పోయే పిల్లల చేతుల్లోంచి రొట్టెముక్కలు లాక్కుపోయాయి. కత్తిపీటల ముందు కూర్చున్న ఆడవాళ్ళ భుజాల మీదుగా వచ్చి పేగులు తన్నుకుపోయాయి. కొంగ వాలితే తరిమాయి. కాకి వాలితే తరిమాయి. మనిషిని మాత్రం తరమలేదు. మనిషి చేతిలో ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుందని వాటికి తెలుసు.

ఆ తెలివి నేర్పింది ఆమె మొగుడు సింహాచలమే. దోనెలో నిలబడి చిన్న చేపను పైకి ఎగరేసేవాడు. అది తిరిగి నీటిని తాకేలోగా ఏదో ఒక ముక్కు అందుకునేది. వాటిలో ఒక కుంటిది ఉంది. వలదారం చుట్టుకుని ఎడమ పాదం తెగిపోయింది. అతను ఎగరేసేదాకా అది ఆగేది కాదు. వచ్చి అతని వేళ్ళ మధ్య నుంచే తినేది.

మొగుడితో ఆమె గొడవంతా ఈ మేపడం గురించే. ఒక పొద్దున బుట్టెడు ఎండుచేపలు పోయాయి. రెండు రోజుల ఎండ, రెండు రోజుల కాపలా. నీళ్ళ బిందె దించి వచ్చేసరికి పరిచిన గుడ్డ ఖాళీ. లోపల కంచం ముందు కూర్చున్న సింహాచలం విని నవ్వాడు.

“వాటిదీ కడుపేగదే,” అన్నాడు.

ఆ నవ్వు ఆమె నెత్తికెక్కింది. ముందున్న కంచం లాగేసింది.

“నీకు నా ఇంట్లో మెతుకు లేదు. పో, వాటితోనే కూర్చుని తిను.”

అతను చెయ్యి కడుక్కుని దోనె ఎక్కాడు. ఆ తరువాత ఆమె వండింది అతను తిననే లేదు.

ఇవాళ తినాలి. ఇవాళ కూడా తినకపోతే ఆ మాట బతికినంత కాలం ఆమె గొంతుకు ఉరే.

అందుకే చీకటితో లేచి అన్నీ అతనికి ఇష్టమైనవే వండింది. కొరమీను పులుసు. వేయించిన రొయ్యపొట్టు. విస్తరి అంచున బీడీకట్ట కూడా పెట్టింది.

కైకలూరు నుంచి మోటారుసైకిలు మీద వచ్చిన హనుమంతరావు గారు ఇలాంటివి ఎన్నో చూసిన పెద్దాయన. “మీరంతా మీద పడి నిలబడితే ఎలా వస్తాడమ్మా? వెనక్కి జరగండి,” అన్నారు. పదకొండింటికి ఆయన ఇంకో ఊళ్ళో ఉండాలి.

అందరూ జరిగారు. నూకరత్నం జరగలేదు. ఆమె ఒక అడుగు వెనక్కి వేస్తే పక్షులు రెండడుగులు ముందుకు వేస్తాయి.

అత్తగారు వెంకటనరసమ్మ అవతలి తుమ్మచెట్ల వైపు చూస్తూ కొడుకును బతిమాలింది. మరిది సత్తిరాజు, అన్నయ్యా అని కేకేసి, దోనె అమ్మనన్నాడు. అన్న కూతురు తేజశ్రీని ఏలూరు కాలేజీలో తానే చదివిస్తానన్నాడు. తుమ్మకొమ్మ కదలలేదు. ఎండ ఎక్కింది. పులుసు మీద తెట్టు కట్టింది.

“చిన్నప్పటి నుంచీ అంతే. అలిగితే నేను పెట్టినా ముట్టడు,” అంది అత్తగారు. కోడలి వైపు తిరిగింది. “అసలేమన్నావే నువ్వు వాణ్ణి?”

ఆ మాట నూకరత్నం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు దిగింది కుంటిది. వరుసలోంచి విడివడి, గెంతుకుంటూ విస్తరికి మూరెడు దూరం దాకా వచ్చింది. ఆమె గెడకర్ర ఎత్తింది. అది బెదరలేదు. కర్ర వైపు కాదు, ఆమె వేళ్ళ వైపు చూసింది.

“ఇక చాలమ్మా. నాకు టైమవుతోంది,” అన్నారు హనుమంతరావు గారు.

నూకరత్నం పక్షిని చూసింది. తుమ్మచెట్లను చూసింది. ఎత్తిన కర్ర అలాగే ఉంది.

“నా మీద కోపం నా మీదే తీర్చుకో మావా. కూటి మీద తీర్చుకోకు,” అంది. అందరికీ వినబడేలాగే అంది. “మెతుకు లేదన్నది నేనే. పో, వాటితోనే తినమన్నదీ నేనే.”

వెంకటనరసమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సత్తిరాజు తల తిప్పుకున్నాడు.

నూకరత్నం కర్ర కింద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసింది.

కుంటిది ఒంటికాలి మీద గెంతి, మొదటి ముద్దను ముక్కున కరచుకుని లేవగానే, హనుమంతరావు గారు చేతిలోని దర్భ కింద పడేసి, “పిండం కాకే ముట్టాలని ఎవరన్నారమ్మా, మీవాడు తిన్నాడు, ఇక స్నానాలకు దిగండి,” అన్నారు.