కిటికీ మూసినప్పుడల్లా

చెల్లెలు ఆయాసపడుతూ ఐదో అంతస్తు చేరేసరికి గదిలో పాట అప్పుడే ముగిసింది.

"మీ లిఫ్టు మళ్లీ ఆగిందక్కా. లిఫ్టాయన కింద వాకిట్లో స్టూలు మీద రాజాలా కూర్చున్నాడు."

"నేను దిగేటప్పుడు బాగానే నడుస్తుందే."

"నా మొహం చూసి ఆగుతుందేమో మరి."

అక్క నవ్వలేదు. కిటికీ తెరిచి గాలి పీల్చుకుంది.

పదేళ్లపాటు ఆమె పాప్ పాటలకు జనం ఊగిపోయారు. తరువాత పాటల కంపెనీ, "ఇక మీ గొంతు అమ్ముడుపోదు" అంది. ఆ పాత ఒరవడి వదిలేసి, అద్దె గదిలో కంప్యూటరు పెట్టుకుని ఎలక్ట్రానిక్ ఆల్బమ్ చేస్తోంది. విడుదలా తనదే. ఇదీ ఎవరూ వినకపోతే పాట మానేయడమే.

పది పాటలు. ప్రతిదాంట్లో కంప్యూటరు చప్పుడు ఒకటి, కాసేపు నిశ్శబ్దం, ఆమె గొంతు, మళ్లీ నిశ్శబ్దం. అందుకే కిటికీ మూసి, గుమ్మానికి బొంత కట్టి పాడేది.

తొమ్మిదో పాట రోజున చెల్లెలు స్పీకరు మోసుకొస్తూ మెట్ల మీద కాలు మడతపడి కూలబడింది. లిఫ్టు అప్పుడూ ఆగే ఉంది.

గాయని బిల్డింగు ఓనరుకు ఫోన్ చేసింది.

"ఆయన్ని పెట్టింది లిఫ్టు నడపడానికా, కూర్చోవడానికా?"

మర్నాడే లిఫ్టాయన్ని మానిపించారు. వెళ్లేముందు ఆయన పైకొచ్చాడు. గుమ్మం దాటలేదు.

"పాటలన్నీ అయిపోయాయామ్మా?"

"ఇంకొకటుంది."

"అదీ అయ్యాక వెళితే బాగుండేది."

నాలుగు రోజుల గడువు అడుగుతున్నాడనుకుంది.

"ఓనరుతో మాట్లాడుకోండి" అని తలుపేసింది.

ఆ మధ్యాహ్నం పదో పాట పాడి, విన్నది. నిశ్శబ్దం ఉండాల్సిన ప్రతిచోటా సన్నటి రొద. మళ్లీ పాడింది. మళ్లీ అదే. కంప్యూటరుతో రొద తీస్తే గొంతులో పదును కూడా పోతోంది.

గోడ వెనక లిఫ్టు నడుస్తోంది.

కిందికి దిగి కొత్త లిఫ్టతన్ని అడిగింది.

"ఒక్క పది నిమిషాలు ఆపుతారా?"

"అమ్మో, ముందాయన ఉద్యోగం అందుకే పోయిందట కదండీ."

ఆల్బమ్ తొమ్మిది పాటలతోనే వచ్చింది. జనం విన్నారు. వద్దన్న కంపెనీవాళ్లే ఫోన్ చేసి, అంత నిశ్శబ్దం ఏ స్టూడియోలో దొరికిందని అడిగారు. "కిటికీ మూసుకుని పాడానంతే" అందామె.

ఆ వారం లిఫ్టులో మూడో అంతస్తు పెద్దావిడ కలిసింది.

"పేపర్లో పడ్డావటగా అమ్మాయ్. మా లిఫ్టాయన పేరు వేయించలేదేం?"

"ఆయన పేరెందుకండీ?"

"నీ కిటికీ మూసుకోగానే లిఫ్టు ఆపేసేవాడు. అమ్మ పాడుతోంది, కాస్త మెట్లెక్కండి అనేవాడు. నా మోకాళ్లు అరిగింది నీ పాటలకే."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"తెలిస్తే నీ గొంతులో మొహమాటం చేరుతుందన్నాడు."

"ఇప్పుడెక్కడున్నారు?"

"ఏమో, పెట్టె పట్టుకుని బస్సెక్కాడు. పూర్వం ఏదో స్టూడియోలో, పాట మొదలయ్యే ముందు ఫ్యాన్లు ఆపే పని చేసేవాడట. నీ మొట్టమొదటి పాటకీ తనే ఆపానన్నాడు."

మూడో అంతస్తులో పెద్దావిడ దిగిపోయింది.

ఐదో అంతస్తు వచ్చినా గాయని దిగలేదు. తొలి పాట రోజున వణుకుతున్న తన వెనక ఫ్యాను ఆపి, "ఇక మీ గొంతొక్కటే వినబడుతుంది, పాడండమ్మా" అన్న మనిషి వైపు, ఆ రోజు కూడా తను తల తిప్పి చూడలేదు.