ఒకరు అడిగితే చాలు

కడుపులో గడ్డ తీయడానికి తమ్ముణ్ణి ఆపరేషన్ గదికి తీసుకెళ్తున్నారు. స్ట్రెచర్‌కు ఈ పక్క నేను, ఆ పక్క మరదలు. ఇద్దరి పెదవులూ కదులుతూనే ఉన్నాయి.

మరదలిది వేరే మతం. ఆమె దేవుడికి రూపమే లేదు, నా దేవుడికి లెక్కలేనన్ని రూపాలు. దేవుడు ఒక్కడే అని మాత్రం ఇద్దరమూ అంటాం, ఇంట్లో పోట్లాడుకునేదీ దాని మీదే.

ఏ దేవుణ్ణీ నమ్మని తమ్ముడు నవ్వాడు. "ఒక్కడేగా? అయితే ఒకరు అడిగితే చాలు. రెండోవాళ్లు క్యాంటీన్‌కి వెళ్లి ఏమైనా తినండి."

తలుపులు మూసుకున్నాయి.

"మీకు షుగరు వదినా, మీరు తినండి. నేను అడుగుతాను" అంది మరదలు.

కాదంటే ఇద్దరు దేవుళ్లున్నారని ఒప్పుకున్నట్టే. వెళ్లాను. దేవుణ్ణి తలుచుకోకుండానే బ్రెడ్డు ముక్క తిన్నాను.

సాయంత్రం తమ్ముడు కళ్లు తెరిచాడు. "ఇంతకీ ఎవరు అడిగారు?"

నేను మరదలి వైపు చూశాను. ఆమె నేల చూపులు చూసింది.

"వదిన ఎక్కడున్నా ఊరుకుంటారా, ఈపాటికి అడిగేసే ఉంటారులే అని కాస్త గోడకి ఆనుకున్నాను. నిద్ర పట్టేసింది."

"నేను అడగలేదు" అన్నాను మెల్లిగా.

"మీ సంగతి నాకు తెలీదా?" అన్నాడు తమ్ముడు. "మత్తిచ్చే ముందు నేనే అడిగేశాను."

"ఎవరి దేవుణ్ణి?" ఇద్దరం ఒకేసారి అడిగాం.

"పేరు పెట్టి పిలవలేదక్కా. ఉన్నది ఒక్కడే అన్నారుగా, ఇంక పేరెందుకు?"