తలుపు మీద సున్నా

“నువ్వు ఎన్ని తీర్ల చెప్పినా గంతే! మా పిల్లకు సూది ఏపియ్య!” కోదండం గుమ్మానికి అడ్డంగా నిలబడి అరిచాడు.

గడప అవతల సుద్దముక్క పట్టుకుని నిలబడ్డ నర్సు సూర్యప్రభ విసుక్కోలేదు. “స్వైన్ ఫ్లూ అండీ. ఊళ్లో ఎలా ఉందో చూస్తున్నారుగా. ఇవాళ పిల్లల లెక్క రాసుకుంటామంతే. ఆదివారం పొద్దున్న మావాళ్లొచ్చి టీకా వేస్తారు. తలుపు మీద అంకె ఉన్న ఇల్లే తడతారు. మందు కొద్దిగానే ఉంది, మళ్లీ రారు. పిల్లలెంతమందండీ?”

“ఆంధ్రోళ్ల కంపెనీల మందు తెచ్చి మా పోరగాళ్ల మీద ఏసి చూస్తున్రా? గా సూది ఏస్తే పిల్లలు సచ్చిపోతరంట. మా దుకాణంల అందరు గదే మాట.”

దిల్‌సుఖ్‌నగర్ చీరల దుకాణంలో డాక్టర్లెవరున్నారని అడగకండి. తెలంగాణ ఉద్యమం రోజులవి. ఎవరి మాటా ఎవరూ నమ్మేట్టు లేరు. తండ్రి నడుము చాటు నుంచి ఏడేళ్ల సౌజన్య కళ్లార్పకుండా చూస్తోంది. సూర్యప్రభ ఆ పిల్లను చూసి, తలుపు మీద ఒకటి అంకె వేసి, వెళ్లిపోయింది.

ఎదురింటి అంతయ్యకు పిల్లల్లేరు. ఆయన తలుపు మీద సున్నా చుట్టారు. కోదండానికి తెలివి తన్నుకొచ్చింది. తడిగుడ్డతో ఒకటిని తుడిచేసి, కూతురి సంచిలోని సుద్దముక్క అడిగి తీసుకుని, తానూ ఓ సున్నా చుట్టాడు.

“ఇగ చూడు బిడ్డా, మన తలుపు ఎవ్వడు కొట్టడు!”

“నీ తెలివి తెల్లారినట్టే ఉంది. పిల్ల కండ్లముందల ఉండంగ లేదని రాస్తవేందయ్యా?” అంది భార్య ప్రసన్నలక్ష్మి.

శనివారం పొద్దున్న, పక్క గల్లీ మహేందర్ కొడుకు దవాఖానలో పోయాడు. మొన్నటిదాకా సౌజన్యతో దాగుడుమూతలు ఆడినవాడు. మూడు రోజుల జ్వరం, అంతే. ఆ కబురు వినగానే కోదండం దుకాణానికి పోతూ దారిలోంచే వెనక్కి తిరిగాడు. ఇంటికొచ్చి, గుడ్డ తడిపి, సున్నా తుడిచి మళ్లీ ఒకటి రాశాడు.

“ఏపిద్దాం తియ్యి” అన్నాడు భార్యతో, గొంతు తగ్గించి. “పిల్లకు మాత్రం చెప్పకు. జడుసుకుంటది.”

సాయంత్రం దుకాణం నుంచి వచ్చేసరికి తలుపు మీద సున్నా ఉంది.

“నువ్వు రాసినవా?”

“నాకేమన్న పిచ్చా? లేదని రాసింది నువ్వు. గా మాట ఏ గాలి విన్నదో ఏమో!” ప్రసన్నలక్ష్మి తలుపుకు దూరంగా జరిగింది.

కోదండం వంగి చూశాడు. ఇది తాను చుట్టిన చోట లేదు. గొళ్లేనికి బాగా కింద, వంకరగా, చిన్నపిల్లల గాజంత ఉంది. మహేందర్ కొడుకు ఎత్తు సరిగ్గా అంతే. గబగబా తుడిచి, మళ్లీ ఒకటి రాసి, తలుపేసుకుని దేవుడికి దండం పెట్టుకున్నాడు.

ఆదివారం బంద్. కొత్తపేటలో ఆ గల్లీ అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. కోదండం లేస్తూనే తలుపు చూశాడు. ఒకటి అలాగే ఉంది. హమ్మయ్య అనుకున్నాడు. కుర్చీ వేసుకుని గుమ్మంలోనే కూర్చున్నాడు. సూదివాళ్లు పదింటికి గానీ రారులే అని, ఎనిమిదింటికి లేచి, నీళ్లు కాగాక స్నానానికి వెళ్లాడు.

తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చేసరికి, మళ్లీ సున్నా!

“అంతయ్య కాకా, సూదోళ్లు ఇంక రాలే గద?”

“ఇప్పుడే వచ్చి పోయిరి” అన్నాడు అరుగు మీది అంతయ్య. “బంద్ గద, బస్సుల్లేవని పొద్దుగాల్నే నడుసుకుంట బయల్దేరిన్రంట, జల్దీనే వచ్చిన్రు. తలుపులు చూసుకుంట పోయిన్రు, ఒక్కటి గూడ కొట్టలే. గీ గల్లీల పిల్లలే లేరా అని పరేషాన్ అయిన్రు.”

కోదండం తువ్వాలుతోనే ఉరికాడు. ముగ్గురు మనవలున్న యాదమ్మ తలుపు మీద సున్నా. పక్కింట్లో పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది, తలుపు మీద సున్నా. ఆ పైఇంట్లో ఎవరో ఎక్కాలు చదువుతున్నారు, అక్కడా సున్నాయే. అన్నీ గొళ్లేలకు కిందే, అన్నీ వంకరగా. లోపల పిల్లల గొంతులు వినబడుతూనే ఉన్నాయి. మెయిన్ రోడ్డు దాకా పరుగెత్తాడు. అక్కడ నరపురుగు లేదు.

రొప్పుతూ వెనక్కి తిరిగాడు. గల్లీ చివరి ఇంటి మెట్టు మీద సౌజన్య కూర్చుని ఉంది. మోచేతుల దాకా తెల్లగా సుద్దపొడి. అరిగిపోయిన ముక్క ఇంకా పిడికిట్లోనే ఉంది.

“ఎందుకు బిడ్డా?” కోదండం మెట్టు ముందు వంగి అడిగాడు.

ఆ పిల్ల ఇటూ అటూ చూసి, ఆయన చెవి దగ్గరికొచ్చి గర్వంగా చెప్పింది. “గా సూది ఏస్తే సచ్చిపోతరని నువ్వే అన్నవ్ గద డాడీ. గందుకే అందరిండ్లకు రాసిన. మన గల్లీల ఇగ ఎవ్వరు సచ్చిపోరు!”