ఒక సైజు పెద్దవి

"ఈ నంబరు జత ఇదొక్కటే మిగిలిందమ్మా," అంటూ దుకాణదారు గుర్రం గిట్టలకు తొడిగే బూట్లు తెచ్చి పెద్దకోడలి ముందు పెట్టాడు.

చిన్నకోడలికి ఒళ్ళు మండింది. "నా గుర్రానిదీ అదే కొలత కదా! గిట్టలు చెక్కించి మరీ కొలిచాం. నాకేవీ?"

"పెద్దావిడ ముందు అడిగారు. మీకు ఒక సైజు పెద్దవి ఇస్తాను. చూడ్డానికి అచ్చం ఇవే, లోపల నంబరు ఒక్కటే తేడా."

"వదులైతే ఊడిపోవూ?"

"నడిపించినంతసేపూ తెలీదమ్మా, పట్టీలు బిగిస్తే సరిపోయినట్టే ఉంటాయి. పరుగెత్తిస్తేనే తిరిగిపోయి ఊడతాయి. సరైనవి కావాలంటే వారం ఆగాలి."

వారం ఎక్కడ ఆగుతుంది! పందెం రేపే. స్టేషను నుంచి అతిథులను తీసుకురావడానికి కొత్త హోటలువాళ్ళు ఒకే ఒక్క బగ్గీ పెట్టుకుంటున్నారు. వాకిలంతా నున్నటి రాయి, ఇనప లాడాలైతే జారుతాయి. అందుకని లాడాలు పీకించి, ముందుకాళ్ళకి రబ్బరు బూట్లు తొడిగి తెమ్మన్నారు. ఇంట్లో బగ్గీలు రెండు, తోలేది తోటికోడళ్ళిద్దరూ. ముందు చేరినవాళ్ళకి హోటలు పని, రెండోవాళ్ళకి ఎప్పటిలాగే పాలక్యాన్ల మోత.

"పోనీ నువ్వు..." పెద్దకోడలు ఏదో అనబోయింది.

"నీ జాలి నాకేం వద్దక్కా!" చిన్నకోడలు పెద్ద సైజు జత చంకన పెట్టుకుని చరచరా బయటికి నడిచింది.

పెళ్ళై వచ్చిన రోజు నుంచీ ఇదే వరస. పులుసు బాగుంటే పెద్దకోడలు చేసినట్టు, మాడితే చిన్నకోడలు చేసినట్టు. గుర్రం ఈనినా ఆ ఘనత పెద్దకోడలిదే! ఈ ఒక్క పనీ తనకొస్తే అత్తగారి నోట తన పేరు ఒక్కసారైనా మంచిగా వినిపిస్తుందని చిన్నకోడలి ఆశ. ఇప్పుడు దానికీ అక్కే అడ్డు. ఓర్వలేనితనం అంటారా? అవును, ఓర్వలేనితనమే. దాచుకునేంత ఓపిక కూడా ఆవిడకి లేదు.

సాయంత్రం గుర్రపుశాలలో ఎవరి కొక్కేనికి వాళ్ళు బూట్లు తగిలించారు. చిన్నకోడలు ఇంట్లోకి వచ్చి అన్నం వండింది. పెద్దకోడలు గుర్రాలకు గడ్డి వేసి, చాలాసేపటికి చేతులు దులుపుకుంటూ వచ్చింది.

"చూడు, ఎంత చాకిరీ చేస్తుందో!" అంది అత్తగారు.

పుండు మీద కారం చల్లినట్టయింది చిన్నకోడలికి. ఆ మాటతోనే నిశ్చయించుకుంది.

తెల్లవారగానే పేడ ఎత్తే వంకతో శాలలోకి వెళ్ళింది. అటు కొక్కెం మీది జత ఇటు, ఇటుది అటు. అంతే, రెండు నిమిషాల పని. గుర్రానికి దెబ్బేం తగలదు, ఊడితే మళ్ళీ తొడగాలి, ఆ కాస్తలో తను ముందుకెళ్ళిపోతుంది, అని మనసుకి సర్దిచెప్పుకుంది. వాకిట్లో అత్తగారి దగ్గు వినపడేసరికి పేడతట్ట నెత్తిన పెట్టుకుని బయటపడింది.

స్టేషను దగ్గర హోటలు మనిషి చెయ్యి ఊపాడు. చిన్నకోడలు మొదటి మలుపులోనే ముందుకెళ్ళింది. వెనక్కి చూస్తే అక్క బగ్గీ పెళ్ళినడక నడుస్తోంది. 'నెమ్మదిగా రావమ్మా, మహాతల్లీ!' అనుకుని పగ్గాలు వదిలింది. గుర్రం పరుగందుకుంది.

వంతెన దాటుతుండగా ముందు కాలి బూటు గిర్రున తిరిగింది. పది అడుగుల్లో ఊడి కాలవలో పడింది. రెండోదీ పక్కకి ఒరిగిపోయింది. గుర్రం కుంటుతూ ఆగిపోయింది.

"ఇదేం ఖర్మ!" చిన్నకోడలు కిందికి దూకింది. కాలవలోకి దిగి బూటు వెతుకుతుండగానే పెద్దకోడలి బగ్గీ టకటకా దాటిపోయింది.

మోకాళ్ళదాకా బురదతో చిన్నకోడలు గుర్రాన్ని నడిపించుకుంటూ హోటలు చేరేసరికి మేనేజరు అక్కతో మాట్లాడేసి లోపలికి వెళ్ళిపోయాడు. పెద్దకోడలి ముఖంలో గెలిచిన సంతోషమే లేదు. పరుగున ఎదురొచ్చింది.

"గుర్రానికేమైందే? నీకేం కాలేదు కదా?"

"బూట్లు ఊడాయి," అంది చిన్నకోడలు తల వంచుకుని. "గెలిచావుగా, ఇంకేం కావాలి?"

"నావి ఊడతాయేమోనని భయపడుతూ తోలాను కానీ, నీవెలా ఊడాయి?" పెద్దకోడలు నోరు వెళ్ళబెట్టింది. "నేనిస్తే నువ్వు పుచ్చుకోవని..."

"పుచ్చుకోనని?"

"నిన్న సాయంత్రమే నీ కొక్కేనికి నా జత తగిలించానే!"