ఎద మీది జోలె

పలమనేరులో బస్సు దిగేసరికి పాప ఏడుపు లంకించుకుంది.

మంచు ఇంకా విడవలేదు. ఎదురుగా ఉన్న టీ అంగడి కూడా తెల్లటి పరదా వెనక ఉన్నట్టు మసకమసకగా కనిపిస్తోంది.

ఏకాంబరం పాపను ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చాడు. తట్టాడు. ఊపాడు. ఏడుపు ఆగలేదు.

మూడు నెలల పిల్ల. తల్లి మునిలక్ష్మి పురిటిజ్వరంతో పోయింది. ఐరాల పక్క పల్లెలో ఏకాంబరానిది ఒంటరి సేద్యం.

"పలమనేరులో గంగాధరం, వరలక్ష్మమ్మ అని మొగుడూ పెండ్లాలు ఉండారు. పిల్లల్లేరు. నీ బిడ్డను బంగారం మాదిరి సాకుతారు" అని అక్క మాట ఖాయం చేసి పంపింది. వాళ్ళ ముఖాలు కూడా అతను చూడలేదు.

టీ అంగడి అరుగు మీద కూలబడ్డాడు.

"అది ఆకలి ఏడుపు గాదప్పా."

తలెత్తాడు. మంచులోంచి ఒకామె వచ్చి నిలబడింది. నలభై ఏళ్ళుంటాయి. చేతిలో గుడ్డసంచి.

"దానికి చలి. నీ ఎద వేడి కావల్ల. యాడికి పోవల్ల నువ్వు?"

"గంగాధరం గారింటికమ్మా. బిడ్డను ఇచ్చేదానికి వచ్చినా."

ఆమె పాపకేసి చూస్తూ ఉండిపోయింది.

"ఇచ్చేదానికి మనసొచ్చిందా?"

"మనసుదేముందమ్మా. పాలు పట్టేది నేర్చుకున్నా. నీళ్ళు పోసేది నేర్చుకున్నా. చెరుకుతోటకు పోతే దీన్ని యాడ పెట్టేది? మొన్న గట్టు మీద పండబెడితే చీమలు పట్టినాయి."

పాప పిక్క మీది దద్దులు చూపించాడు.

"నీ మీదనే పెట్టుకో" అంది ఆమె.

అతనికి అర్థం కాలేదు.

ఆమె అరుగు మీద సంచి విప్పింది. అన్నీ చీరలే. నైలాను చీర ఒకటి తీసి పక్కన పడేసింది.

"ఇది జారతాది."

ఇంకోటి తీసింది.

"ఇది కొత్తది. గంజి పోలేదు. బిడ్డ తొడలు ఒరుసుకుంటాయి."

అడుగునుంచి వెలిసిన పచ్చ నేతచీర లాగింది. రెండు చేతులా సాగదీసి, వెలుతురుకు ఎత్తి చూసింది.

"ఇది సూడు. ఉతికి ఉతికి వెన్న మాదిరి అయింది. అట్లని పిగిలిపోలేదు. ఇట్లాంటిదే ఏరుకోవల్ల."

"ఇన్ని పాత చీరలు... కూతురు కాన్పా అమ్మా?"

"ఇంటికి బిడ్డ వచ్చేది ఉండింది. పక్కబట్టలకని ఇరుగుపొరుగునడిగి తెచ్చినా" అంది. "లేయ్, నిలబడు."

"జోలె కట్టుకుంటే బిచ్చగాడంటారమ్మా. అందులోనూ మొగోన్ని."

"అననీ. నీ జోలెలో ఉండే సొమ్ము వాళ్ళకు యాడిది?"

"కాసేపు పట్టుకో" అని పాపను అందించబోయాడు.

ఆమె చేతులు ముందుకొచ్చాయి. అంతలోనే వెనక్కి పోయాయి.

"వద్దు. నేనెత్తుకుంటే..." మాట మింగేసింది. "అరుగు మీదనే పండబెట్టు."

చీరను అతని కడుపుకు అడ్డంగా చుట్టి, వీపు మీద దాటించి, రెండు భుజాల మీంచి ముందుకు తెచ్చింది.

"ఇప్పుడు బిడ్డను లోపలికి దించు. మోకాళ్ళు పైకి, పిర్రలు కిందికి, కప్ప కూర్చున్నట్టు. దాని గడ్డం దాని ఎదకే ఆనకూడదు. ముక్కుకు గాలి తగలల్ల. నువ్వు తల వంచితే నెత్తికి ముద్దు అందల్ల."

కొసలు బిగించి నడుం దగ్గర ముడి వేయించింది.

పాప ఒకసారి వెక్కింది. చెవిని అతని గుండెకు ఆనించి, కళ్ళు మూసింది.

"కొంచేపు అట్ల నడిసి సూడు. ఆ ఇంటికి పోవల్లో వద్దో నీకే తెలుస్తాది."

"చీరమ్మా..."

"పెట్టుకో."

అతను నడిచాడు.

కాళ్ళ కింద రోడ్డు ఉందో లేదో తెలియలేదు. పాల క్యాన్ల సైకిలు గంట ఎక్కడో మోగి, మంచులో కరిగిపోయింది. ఎద మీద వెచ్చటి ఊపిరి. తన ఊపిరి ఏదో, పాపది ఏదో విడదీయలేకపోయాడు. పక్కనే మునిలక్ష్మి నడుస్తున్నట్టు, గాజులు మెల్లగా గలగలమన్నట్టు అనిపించింది. చెరుకుతోట కనిపించింది. కాలవలో నీళ్ళు పారుతున్నాయి. పార పట్టుకున్న తన ఎద మీంచి ఒక చిన్న తల ఆ నీళ్ళను చూస్తోంది.

రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి. అయినా బిడ్డ తన దగ్గరే ఉంది.

వెనక్కి తిరిగి చూశాడు. అరుగు మీద ఎవరూ లేరు.

దారి అడిగి గంగాధరం ఇల్లు చేరాడు. గుమ్మానికి మామిడాకులు కట్టి ఉన్నాయి. లోపల కొత్త తాళ్ళతో ఉయ్యాల వేలాడుతోంది.

"మన్నించన్నా. బిడ్డను ఇయ్యలేను" అన్నాడు ఏకాంబరం.

గంగాధరం ఉయ్యాలకేసి చూశాడు.

"మా ఆడది ఇంట్లో నిలవలేక తెల్లారే బయటికి పోయిందప్పా. దానికి నేను చెప్పుకుంటాలే. బిడ్డ తండ్రి దగ్గరుండేదే న్యాయం."

బయట తుంపర మొదలైంది. గంగాధరమే గొడుగు పట్టి అతన్ని బస్సు దాకా తెచ్చి ఎక్కించాడు.

కండక్టరు ఈల వేశాడు. బస్సు కదిలింది.

కిటికీలోంచి ఏకాంబరానికి ఆమె కనిపించింది. టీ అంగడి గోడ వారగా నిలబడి తడుస్తోంది. ఆమె చూపు అతని ఎద మీదే ఉంది.

ఒక్క మాటైనా చెప్పుకోలేదే అనుకుంటూ అతను చేయి బయటికి చాచాడు.

అప్పటికే గంగాధరం ఆమె దగ్గరికి నడిచి, గొడుగును ఆమె తల మీదికి జరిపి, "తడుస్తా ఉండావు, ఇంటికి పోదాం రా వరలక్ష్మీ" అంటున్నాడు.